మా బిడ్డ ఇంజినీరింగ్ వద్దంటోంది, ఫిజిక్స్‌తో బతకగలదా?

ప్రశ్న: నమస్తే మేడం. మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో గుమాస్తాగా పని చేస్తాను. పెద్ద బిడ్డ హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతోంది. దసరాకు ఇంటికొచ్చి "నాయినా, నేను ఇంజినీరింగ్ చదవను, మ్యాథమేటికల్ ఫిజిక్స్ చదువుతా, రీసెర్చ్ చేస్తా" అంది. ఆ పేరే మేం ఎన్నడూ వినలేదు. క్లాసులో ఫస్టేమీ రాదు, ఐదో ఆరో స్థానంలో ఉంటది. లెక్కలంటే మాత్రం పిచ్చి. ఓ రాత్రి నిద్ర లేచి చూస్తే చేసిన లెక్కనే మళ్లీ చేస్తూ కూర్చుంది. జవాబు వచ్చింది కదా, పడుకో బిడ్డా అన్నాను. "మన మిల్లులో లారీ మీదనుంచి బస్తాను చెక్క మీదుగా జారుస్తరు కదా నాయినా. రాపిడి లేదనుకుంటే చెక్కను ఎంత వాలుగా పెట్టినా కిందికొచ్చేసరికి వేగం ఒకటే. బలంతో లెక్క కట్టినా అంతే, శక్తితో కట్టినా అంతే. ఎందుకట్ల?" అని నన్నే అడిగింది. నాకేం తెలుసు? మా బావమరిది సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. ముందు బీటెక్ కంప్యూటర్స్ చేయించు బావా, తర్వాత ఇష్టముంటే ఫిజిక్స్ చదువుకుంటది అంటున్నాడు. మా అమ్మకేమో పెళ్లి ఆలస్యమవుతదని టెన్షన్. ఈ చదువుకు ఉద్యోగం ఉందా? జీతం ఎప్పటికి వస్తది? ఇవన్నీ పెద్ద మేధావుల పనులు కదా, మాలాంటోళ్ల పిల్లలకు సాధ్యమేనా?
ఒక తండ్రి, మిర్యాలగూడ

సమాధానం:

అన్నా, నమస్తే.

ముందు సూటిగా చెప్తాను. ఈ చదువుతో బతకొచ్చు. పస్తులుండే పని లేదు, సర్కారీ సంస్థల్లో సీటు వస్తే అప్పుల పాలయ్యే పనీ ఉండదు. కానీ ఇది నెమ్మది దారి. తోటి బీటెక్ పిల్లలు ఇరవై రెండేళ్లకు జీతం తెచ్చుకుంటుంటే మీ బిడ్డ ఇంకా చదువుతూనే ఉంటుంది. పర్మనెంట్ ఉద్యోగం వచ్చేసరికి ముప్పై దాటుతుంది. అంతకాలం ఆగడానికి మీ ఇల్లు సిద్ధమా? మీరు, మీ ఇంటావిడ, మీ అమ్మగారు కూర్చుని తేల్చుకోవాల్సింది ఇదొక్కటే.

నేనూ ఈ జిల్లా ఆడపిల్లనే. దేవరకొండ దగ్గర పల్లె మాది. నల్లగొండలో డిగ్రీ, తర్వాత థియరీ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ, ఇప్పుడు డిగ్రీ పిల్లలకు పాఠాలు. ఈ చదువులో ఉన్న సుఖమూ కష్టమూ రెండూ దగ్గరగా చూసిన మనిషిగానే రాస్తున్నాను.

మీ బిడ్డ అడిగిన బస్తా ప్రశ్న చూద్దాం, ఎందుకంటే ఆ చదువేంటో అందులోనే ఉంది. చెక్కను నిటారుగా పెడితే బస్తాను కిందికి లాగే బలం పెరుగుతుంది, కానీ జారాల్సిన దూరం తగ్గుతుంది. ఏటవాలుగా పెడితే బలం తగ్గి దూరం పెరుగుతుంది. లెక్క కట్టి చూస్తే ఈ రెండూ ఒకదాన్నొకటి సరిగ్గా కొట్టేసుకుంటాయి. వాలు లెక్కలోంచి మాయమైపోయి ఎత్తు ఒక్కటే మిగులుతుంది. లారీ నేలకు 1.25 మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, రాపిడి లేనప్పుడు, చెక్క ఎట్లా పెట్టినా బస్తా కిందికొచ్చేసరికి వేగం సెకనుకు దాదాపు 5 మీటర్లు.

చాలామంది పిల్లలు ఇక్కడితో జవాబు రాసేసి తర్వాతి లెక్కకు పోతారు. పరీక్షలో పోవాలి కూడా, టైం ఉండదు. మీ బిడ్డ ఆగి, రెండు పద్ధతులూ ఒకే చోటికి ఎందుకు చేరాయని అడిగింది. దీనికి మొదటి జవాబు ఆమె పుస్తకంలోనే దొరుకుతుంది. శక్తి లెక్కను న్యూటన్ బలం సూత్రం నుంచే రాబట్టొచ్చు, అందుకే రెండూ కలుస్తాయి. అయితే ఇంకొంచెం లోతుకు పోతే ఇంకో ప్రశ్న ఉంది. అసలు శక్తి అనేది ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారుతుందే తప్ప మొత్తం మాత్రం ఎందుకు తగ్గదు, పెరగదు?

దీనికి 1918లో జర్మనీలో ఎమ్మీ నోథర్ అనే ఆవిడ జవాబు చెప్పింది. ప్రకృతి నియమాలు నిన్న, ఇవాళ, రేపు ఒకే తీరుగా ఉంటే శక్తి మొత్తం మారకుండా ఉండక తప్పదని గణితంతో రుజువు చేసింది. నియమాలు ఈ చోటా ఆ చోటా ఒకే తీరుగా ఉంటే ద్రవ్యవేగం, అంటే కదిలే వస్తువుకున్న ఊపు, మారదు. ఏ దిక్కుకు తిరిగినా ఒకే తీరుగా ఉంటే కోణీయ ద్రవ్యవేగం, అంటే గిర్రున తిరిగే ఊపు, మారదు. ఈ రోజు కణ భౌతికశాస్త్రంలో కొత్త సిద్ధాంతం రాసే ఎవరైనా ఆమె చూపిన ఈ సంబంధం ఆసరాతోనే రాస్తారు. మీ బిడ్డ మీ ఇంట్లో కూర్చుని అడిగిన ప్రశ్న సరిగ్గా ఆ దిక్కుకే పోతోంది. నాకు అది చదివినప్పుడు ఎంత సంతోషమైందో మాటల్లో చెప్పలేను.

మ్యాథమేటికల్ ఫిజిక్స్ అంటే ఇదే పని. ప్రకృతి గురించి ఫిజిక్స్ చెప్పే మాటల్ని గణితంతో అనుమానానికి తావు లేకుండా నిలబెట్టడం, నిలబడకపోతే ఎక్కడ పడిపోతోందో చూపడం. ఇంకో ఉదాహరణ చెప్తాను. మనం కూర్చునే కుర్చీ, తినే అన్నం, అన్నింటిలోనూ ప్లస్ ఛార్జీలు, మైనస్ ఛార్జీలే. అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మరి లోకమంతా లోపలికి కుప్పకూలిపోకుండా ఎట్లా నిలబడింది? అందరూ నిలబడిందని కళ్లతో చూస్తూనే ఉన్నారు, కానీ క్వాంటం సిద్ధాంతం నుంచి దాన్ని పూర్తిగా రుజువు చేయడానికి 1967 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పని ఫ్రీమన్ డైసన్, ఆండ్రూ లెనార్డ్ చేశారు. 1975లో ఎలియట్ లీబ్, వాల్టర్ థిరింగ్ ఇంకా తేటగా ఉండే రుజువు ఇచ్చారు. కళ్లెదుట ఉన్నదాన్ని రుజువు చేయడం దేనికని మీ బావమరిది అడగొచ్చు. ఎలక్ట్రాన్లు రెండు ఒకే స్థితిలో ఉండలేవన్న నియమమే మనల్ని నిలబెడుతోందని ఆ రుజువుతో గట్టిగా తేలింది. ఆ నియమం తీసేస్తే పదార్థం నిలబడదు. నా దృష్టిలో అది తెలుసుకోదగ్గ సంగతి.

ఇక ఈ పని చేసేవాళ్ల రోజు ఎట్లా ఉంటుందో కూడా మీకు తెలియాలి. ల్యాబ్ ఉండదు, తెల్లకోటు ఉండదు. బోర్డు, తెల్లకాగితాలు, ఒక ల్యాప్‌టాప్. పొద్దున్నే ఆర్కైవ్ అనే సైట్ తెరుస్తారు. 1991 నుంచి ఫిజిక్స్ వాళ్లు తమ పేపర్లను పత్రికల్లో అచ్చు కాకముందే అందరూ ఉచితంగా చదువుకునేలా పెట్టే చోటు అది. తమ సమస్యకు దగ్గరగా ఏదైనా కొత్తగా వచ్చిందా అని చూసుకుంటారు. తర్వాత కాగితం మీద కూర్చుంటారు. పది పేజీల లెక్కలో ఒక మైనస్ గుర్తు ఎక్కడో జారిపోయి వారాల తరబడి కూర్చోబెడుతుంది. సాయంత్రం గైడ్ గదిలో బోర్డు ముందు నిలబడి రాస్తుంటే ఆయన "ఈ లైన్ నుంచి ఆ లైన్‌కు ఎట్లా వచ్చావు?" అని ఆపుతారు. అక్కడ జవాబు లేకపోతే మళ్లీ మొదటికి. పరిశోధనలో ఎక్కువ రోజులు ఇట్లాగే, ఏమీ తేలకుండానే గడుస్తాయి. జవాబు వచ్చాక కూడా ఆ లెక్కను వదిలిపెట్టని పిల్లకే ఆ రోజులు భరించే ఓపిక ఉంటుంది.

మేధావుల పని కదా అన్నారు. ఈ భయం మన దగ్గర చాలా ఇళ్లలో చూస్తున్నాను, దీన్ని తీసెయ్యాలని నాకు గట్టిగా ఉంది. మీరు మిల్లులో పని చేస్తానన్నారు కాబట్టి మిల్లు మనిషి సంగతే చెప్తాను. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హాం పక్కన స్నీంటన్ అనే చోట జార్జ్ గ్రీన్ అనే ఆయన గాలిమరతో తిరిగే పిండిమిల్లు నడిపాడు. 1793లో పుట్టాడు. తండ్రిది రొట్టెల బేకరీ. గ్రీన్ చిన్నప్పుడు బడికి పోయింది ఒక్క ఏడాది చిల్లర మాత్రమే, తర్వాత బేకరీ పని, ఆ తర్వాత మిల్లు. తనంతట తాను గణితం చదువుకుని 1828లో విద్యుత్తు, అయస్కాంతత్వం మీద ఒక వ్యాసం చందాలతో అచ్చు వేయించాడు. చందా కట్టింది 51 మంది. ఆయన నలభయ్యో ఏట, 1833లో, కేంబ్రిడ్జిలో విద్యార్థిగా చేరాడు. 1841లో చనిపోయాడు. పేరు రాలేదు. నాలుగేళ్ల తర్వాత, 1845లో, విలియం థామ్సన్ అనే కుర్రవాడి చేతికి ఆ వ్యాసం దొరికింది. తర్వాత లార్డ్ కెల్విన్‌గా లోకమంతా తెలిసింది ఆయనే. దాని విలువ ఆయన పట్టుకున్నాడు.

గ్రీన్ చేసిందేంటో కూడా చెప్తాను. చెరువులో ఒక్క రాయి వేస్తే అల ఎట్లా పరుచుకుంటుందో పూర్తిగా తెలిసిందనుకోండి. గుప్పెడు రాళ్లు విసిరినప్పుడు నీళ్లు ఎట్లా కదులుతాయో ఆ ఒక్క అలనే మళ్లీ మళ్లీ కూడుకుంటూ చెప్పొచ్చు. విద్యుత్తు, వేడి, శబ్దం, క్వాంటం కణాలు, అన్నింటికీ ఈ పద్ధతి పనికొస్తుంది. గ్రీన్ ఫంక్షన్ అనే పేరుతో ఎమ్మెస్సీ ఫిజిక్స్ పిల్లలు దీన్ని ఇవాళ్టికీ నేర్చుకుంటారు.

మన దేశం నుంచి అమల్ కుమార్ రాయ్‌చౌధురి. కోల్‌కతాలో ఉద్యోగం చేసిన పరిశోధన సంస్థ ఆయనకు అప్పగించింది లోహాల లక్షణాల పని. ఆయన మనసేమో ఐన్‌స్టీన్ గురుత్వ సిద్ధాంతం మీద. దారి చూపే గైడ్ లేకుండా, తనంతట తాను ఆ పని చేసుకున్నాడు. గురుత్వాకర్షణ వస్తువుల దారుల్ని ఎట్లా దగ్గరకు చేరుస్తుందో చెప్పే సమీకరణం ఒకటి కనిపెట్టాడు. 1955లో ఫిజికల్ రివ్యూ అనే పరిశోధన పత్రికలో అచ్చయింది. 1965లో ఇంగ్లండ్‌కు చెందిన రోజర్ పెన్రోజ్ నక్షత్రం కూలిపోతే ఏమవుతుందో రుజువు చేసినప్పుడు పునాదిగా నిలిచిన ఆలోచన అదే. ఆ పనికి పెన్రోజ్‌కు 2020లో నోబెల్ వచ్చింది. రాయ్‌చౌధురి అప్పటికే లేరు, 2005లో పోయారు. బతికినన్నాళ్లూ ఆయన ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పిన మేష్టారుగానే ఎక్కువమందికి తెలుసు. పరిశోధకుడి జీవితం, కాలేజీ మేష్టారి జీవితం వేరు వేరు కానక్కర్లేదని మా డిగ్రీ పిల్లలకు ఆయన గురించే చెప్తుంటాను.

మన తెలుగువాళ్లలో సూరి భగవంతం గారున్నారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, తర్వాత సి.వి. రామన్ దగ్గర పని చేశారు. వెంకటరాయుడు గారితో కలిసి ఫిజిక్స్‌కు గ్రూప్ థియరీ అనే గణిత శాఖను అన్వయిస్తూ పుస్తకం రాశారు. ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్‌గా కూడా పని చేశారు.

క్లాసులో ఐదో స్థానం అన్నారు. మూడు గంటల్లో ఎన్ని ప్రశ్నలకు జవాబు పెట్టగలదో ఆ స్థానం చెప్తుంది. ఒకే ప్రశ్న దగ్గర మూడు నెలలు ఉండగలదా అన్నది చెప్పదు. అయితే ఒకటి దాచను. మంచి సంస్థలో చేరాలంటే మొదట ఆ మూడు గంటల పరీక్షే దాటాలి. కాబట్టి ఇప్పుడు ఎప్‌సెట్ (పాత ఎంసెట్), జేఈఈ చదువు పక్కన పడేయమని ఆమెకు ఎవరూ చెప్పొద్దు. ఆ ప్రిపరేషనే దీనికీ పనికొస్తుంది.

డబ్బు లెక్కకు వద్దాం. ఇంటర్ తర్వాత డిగ్రీ, పీజీ కలిపి ఐదేళ్లు చదివే బీఎస్ ఎంఎస్, లేదా మూడేళ్లు బీఎస్సీ ప్లస్ రెండేళ్లు ఎమ్మెస్సీ. అప్పటికి ఇరవై మూడు. ఈ ఐదేళ్లూ ఖర్చు మీది, కానీ చాలావరకు తగ్గించుకోవచ్చు. కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000. అందులో 60,000 పిల్ల చేతికి, 20,000 వేసవి ప్రాజెక్టుకు. ఇంటర్ బోర్డులో పై 1 శాతంలో ఉండి బేసిక్ సైన్స్ చదివేవాళ్లు కూడా దీనికి అర్హులే. ఆ తర్వాత పీహెచ్‌డీ ఐదారేళ్లు. ఈ మాట చెప్తే మన దగ్గర చాలామంది నమ్మరు: పీహెచ్‌డీలో ఫీజు కట్టుకుంటూ చదవడం కాదు, ఫెలోషిప్ వస్తే వాళ్లే నెలనెలా పైసలిస్తారు. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000. హాస్టల్ లేకపోతే ఇంటి అద్దె భత్యం అదనం. అంటే ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లకు మీ బిడ్డ మీ మీద ఆధారపడదు. చిన్నదైనా సొంత డబ్బు.

కష్టం మొదలయ్యేది ఆ తర్వాత. పీహెచ్‌డీ అయ్యేసరికి ఇరవై ఎనిమిదో తొమ్మిదో. దాని తర్వాత పోస్ట్‌డాక్, అంటే రెండు మూడేళ్ల కాంట్రాక్టు మీద పరిశోధన ఉద్యోగం, ఒక చోట అయ్యాక ఇంకో చోట, ఒక్కోసారి ఇంకో దేశం. ఇక్కడ రీసెర్చ్ అసోసియేట్‌కు నెలకు 58,000 నుంచి మొదలు. పర్మనెంట్ పోస్టులు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. ముప్పై రెండు, ముప్పై నాలుగు వరకు రేపు ఏ ఊళ్లో ఉంటామో తెలియదు. ఈ దశలోనే చాలామంది అలిసిపోతారు. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు యూజీసీ స్కేల్ బేసిక్ 57,700తో మొదలవుతుంది. ఐఐటీల్లో, ఐసర్ అనే కేంద్ర సైన్స్ సంస్థల్లో అనుభవం ఉన్న అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు బేసిక్ 1,01,500. డీఏ వగైరా దాని మీద. వచ్చాక జీతం మంచిదే, వచ్చేదాకా ఓపిక పట్టడమే కష్టం.

అందరికీ ఆ పోస్టు రాదు కూడా. కానీ ఈ దారిలో ప్రతి మలుపులోనూ బయటికి రావడానికి తలుపు ఉంది. ఎమ్మెస్సీతో జూనియర్ లెక్చరర్ పోస్టులకు రాయొచ్చు. లెక్చరర్ అర్హత పరీక్షలైన నెట్ లేదా సెట్ కూడా పాసై ఉంటే డిగ్రీ కాలేజీ పోస్టులకు అర్హత. పీహెచ్‌డీలో ఇంత గణితం, కంప్యూటర్ మీద లెక్కలు చేసినవాళ్లను డేటా పనులకు, బ్యాంకుల్లో రిస్క్ లెక్కలకు కంపెనీలు తీసుకుంటాయి. నాతోపాటు చదివినవాళ్లలో అట్లా పోయినవాళ్లు నాకన్నా ఎక్కువే సంపాదిస్తున్నారు. చదివింది వృథా అయిందని వాళ్లలో ఎవరూ అనగా నేను వినలేదు.

మీ బావమరిది సలహా. ఆయన మాటలో ప్రేమ ఉంది, లెక్క కూడా ఉంది, కొట్టిపారేయను. ముందు ఇంజినీరింగ్, తర్వాత ఫిజిక్స్ అన్న దారిలో వచ్చిన మహానుభావుడే ఉన్నాడు. ఎలక్ట్రాన్ సమీకరణం రాసిన పాల్ డిరాక్ 1921లో బ్రిస్టల్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ డిగ్రీ తీసుకున్నాడు. యుద్ధం తర్వాతి మాంద్యం రోజులవి, ఉద్యోగం దొరకలేదు. అక్కడే ఫీజు లేకుండా గణితం చదువుకునే అవకాశం ఇచ్చారు. 1923లో కేంబ్రిడ్జి వెళ్లాడు, 1928లో ఆ సమీకరణం. ఉద్యోగం దొరికి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. మన పిల్లలకు మాత్రం బీటెక్ ఫైనలియర్‌లో క్యాంపస్ ప్లేస్‌మెంట్ వస్తుంది. చేతిలో ఆఫర్ లెటర్ ఉండగా, తమ్ముడి ఫీజు కళ్లముందు కనపడుతుండగా, నేను మళ్లీ ఎమ్మెస్సీ చదువుతా అనగలిగే ఆడపిల్లలు ఎంతమంది? నా దగ్గరికి అట్లాంటివాళ్లు ఉద్యోగంలో చేరిన కొన్నాళ్లకు వచ్చి "మేడం, ఇప్పుడైనా కుదురుతుందా?" అని అడుగుతారు. కుదురుతుంది, కానీ దారి రెట్టింపవుతుంది. మీ బిడ్డకు ఇంత స్పష్టంగా ఇష్టం ఉన్నప్పుడు నేరుగా పంపడమే మంచిదని నా అభిప్రాయం. మీకు మధ్యేమార్గం కావాలంటే ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట ఇంజినీరింగ్ ఫిజిక్స్ బీటెక్ ఉంది, దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి.

మీ అమ్మగారి బెంగ. అమ్మకు చెప్పండి, పీహెచ్‌డీ చేస్తూ పెళ్లి చేసుకున్నవాళ్లు, పిల్లల్ని కన్నవాళ్లు బోలెడంతమంది. యూజీసీ 2022 నిబంధనల్లో పీహెచ్‌డీ చేసే ఆడవాళ్లకు ప్రసూతికి, పిల్లల సంరక్షణకు 240 రోజుల వరకు సెలవు పెట్టారు, కోర్సు ముగించడానికి రెండేళ్ల అదనపు గడువు కూడా ఇచ్చారు. వయసు అసలు అడ్డంకి కాదు, ఇంకోటుంది. పోస్ట్‌డాక్ రోజుల్లో భార్య ఒక ఊరు, భర్త ఒక ఊరు అయ్యే పరిస్థితి వస్తుంది, అది నిజంగా కష్టం. కాబట్టి సంబంధం చూసే రోజు వచ్చినప్పుడు ఆస్తి, కట్నం మాటలకన్నా ముందు "మా బిడ్డ చదువు ఆగదు" అన్న మాట మీరే అవతలివాళ్లకు చెప్పాలి. ఆ మాట మీ నోట రాకపోతే అత్తగారింట్లో ఆమె ఒక్కతే పోరాడాల్సి వస్తుంది. నోథర్ సంగతి ఇందాక సగమే చెప్పాను. ఆడమనిషి అన్న కారణంతో గోటింగెన్ యూనివర్సిటీ ఆమెకు ఏళ్ల తరబడి జీతం ఇవ్వలేదు. మొదట్లో ఆమె క్లాసులు హిల్బర్ట్ అనే ప్రొఫెసర్ పేరు మీద జరిగేవి. 1918 నాటి ఆ రుజువు జీతం లేని రోజుల్లోదే. మన పిల్లలకు ఇవాళ నియమాలు తోడున్నాయి, ఇంట్లోవాళ్లూ తోడుండాలి.

ఇప్పుడు చేయాల్సిన పనులు. ఐసర్‌లు దేశంలో ఏడున్నాయి, తిరుపతి మనకు దగ్గర. వాటికి ఐఏటీ అనే పరీక్ష రాయాలి. 60 ప్రశ్నల్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ తలా 15. ఎంపీసీ పిల్లలు బయాలజీ చూసి బెదిరిపోతారు. మిగతా మూడూ బాగా చేస్తే చాలు, తప్పు జవాబుకు మార్కు పోతుంది కాబట్టి తెలియనిది వదిలేయమనండి. బెంగళూరు ఐఐఎస్సీలో నాలుగేళ్ల బీఎస్ ఉంది. భువనేశ్వర్‌లో నైసర్, ముంబైలో సెబ్స్ అని ఇట్లాంటి సైన్స్ సంస్థలే ఇంకో రెండున్నాయి, వాటికి నెస్ట్ అనే ఇంకో పరీక్ష. చెన్నై మ్యాథమేటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ రెండూ కలిపి చదివే బీఎస్సీ ఉంది, ఎంట్రన్స్ వేరు. మీ బిడ్డ స్వభావానికి అది బాగా సరిపోతుందని నాకనిపిస్తోంది, అయితే అక్కడి ప్రశ్నలకు ఆప్షన్లు టిక్ పెట్టే అలవాటు సరిపోదు, వివరంగా రుజువులు రాయాలి. గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీకి సీయూఈటీ అనే పరీక్ష.

ఇవేవీ రాకపోతే లోకం మునిగిపోదు. దోస్త్ అనే డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో పెట్టుకుని నల్లగొండలోనో హైదరాబాద్‌లోనో సర్కారీ కాలేజీలో బీఎస్సీ మ్యాథ్స్, ఫిజిక్స్ చేరొచ్చు. ఖర్చు చాలా తక్కువ. మూడేళ్ల తర్వాత జామ్ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎమ్మెస్సీకి పోవచ్చు. ఈ మూడేళ్లలో క్లాసు పాఠంతో మాత్రం సరిపెట్టుకోకూడదు. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఐఐటీ మద్రాస్ బాలకృష్ణన్ గారి ఫిజిక్స్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. వేసవిలో ఎంటీటీఎస్ అని 1993 నుంచి నడుస్తున్న గణిత శిక్షణ ఉంది. అందులో లెక్చరర్ జవాబు చెప్పడు, పిల్లలతోనే చెప్పిస్తాడు. సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌తో డిగ్రీలో ఉండగానే ఒక శాస్త్రవేత్త దగ్గర రెండు నెలలు పని చేయొచ్చు. పల్లె కాలేజీల నుంచి వెళ్లిన మా పిల్లలకు అక్కడ మొదటివారం ఇంగ్లిష్ భయం, రెండోవారానికి లెక్కల మీద వాదన.

సంక్రాంతికి బిడ్డ ఇంటికొచ్చినప్పుడు ఒక పని చేయండి. ఎక్కడైనా పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయితో ఆమెను ఒక గంట మాట్లాడించండి. మీరు పక్కన ఉండొద్దు. మంచి రోజులే కాకుండా ఏమీ తేలని నెలల గురించి, గైడ్‌తో ఇబ్బందుల గురించి కూడా అడగమనండి. పీహెచ్‌డీలో గైడ్ ఎవరన్నది సంస్థ పేరుకన్నా ముఖ్యం, ఇది ఆమె చెవిన ఇప్పటినుంచే పడాలి. అది విన్న తర్వాత కూడా ఇదే చదువుతానంటే ఇక మీరు వెనక్కి లాగకండి.

ఫామ్‌ల తేదీలు ఇంటర్ పరీక్షల హడావిడిలోనే పడతాయి. హాస్టల్ పిల్లలకు ఫోన్ ఉండదు, కాబట్టి ఆ వెబ్‌సైట్లు ఫిబ్రవరి నుంచి మీరే వారానికోసారి చూడాలి. మీ బావమరిదికి ఆ పని అప్పగిస్తే ఇంకా మంచిది, ఆయన కూడా ఇందులో భాగమవుతాడు. ఐసర్‌లకు ఇంటర్‌లో కనీసం 60 శాతం మార్కులు అడుగుతారు, ఎస్సీ, ఎస్టీలకు కొంత తక్కువ. రిజర్వేషన్ వర్తిస్తే సర్టిఫికెట్ విషయంలో జాగ్రత్త. మీసేవలో సాధారణంగా ఇచ్చే బీసీ సర్టిఫికెట్ కేంద్ర సంస్థల్లో చెల్లదు. ఓబీసీ నాన్ క్రీమీలేయర్‌ది కేంద్రం నమూనాలో, వాళ్లడిగిన తేదీ తర్వాత తీసుకున్నదై ఉండాలి. ఈడబ్ల్యూఎస్‌కూ అంతే. తహసీల్దార్ ఆఫీసులో దీనికి రోజులు పడుతుంది. సీటు వచ్చాక పరుగెత్తే బదులు, ఏ తేదీ తర్వాత తీసుకున్నది చెల్లుతుందో వాళ్ల నోటిఫికేషన్‌లో చూసుకుని, ఆ తేదీ రాగానే దరఖాస్తు పెట్టండి.